ఒక్క కరెంటు చాలన్నారు

తుంటి నొప్పికి ఒకే ఒక్క కరెంటు చాలన్నారని చెప్పగానే మా అత్తగారు నవ్వారు. ఆ నవ్వు చూసి, చెప్పాల్సిన మిగతా సగం నేను మింగేశాను. తరవాత జరిగిన గొడవంతా అక్కడే మొదలైంది.

కరెంటు అంటే రేడియేషను. మా వైపు ఆ పేరు ఎవరూ పలకరు. "కరెంటు పెట్టించుకున్నారా, ఎన్ని పెట్టారు" అనే అడుగుతారు. ఐదేళ్ళ క్రితం రొమ్ము ఆపరేషను అయ్యాక మా అత్తగారికి ఇరవై ఐదు పెట్టారు. శని, ఆదివారాలు పోను రోజూ నిడదవోలు నుంచి రాజమండ్రి వెళ్ళి, ఛాతీ మీద సిరాతో గీసిన గీతలు చెరగకుండా ఒళ్ళు కడుక్కుని, ఇరవై ఐదూ పూర్తి చేశారు. వచ్చిన ప్రతిరోజూ వంటింటి క్యాలెండరు మీద ఒక అడ్డగీత కొట్టేవారు. మిషను బడిలో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. లెక్క లేకుండా జరిగిన పని ఆవిడ దృష్టిలో పనే కాదు.

ఆవిడ శిక్షల పట్టిక మా పేటలో సగం మందికి కంఠతా వచ్చు. హోంవర్కు చేయకపోతే ఐదు గుంజీళ్ళు, అబద్ధమాడితే పది, పక్కవాడి పలక పగలగొడితే ఇరవై ఐదు. అక్షరం తప్పు రాస్తే ఒక్కటి. కాబట్టి ఆవిడకి లెక్క వెంటనే తేలిపోయింది.

"అప్పుడు పలక పగిలింది. ఇప్పుడు అక్షరం తప్పు. అంతేగా," అన్నారు.

నేను "అంతే అత్తయ్యా" అనలేదు. కాదనీ అనలేదు. టీ పెట్టడానికి లేచాను.

నిజానికి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడకే అంతా చెప్పబోయింది. చిన్న వయసు పిల్ల, మాట నెమ్మది. స్కాను ఫిల్ము లైటు మీద పెట్టి, "అమ్మా, ఇలా చూడండి" అని మా అత్తగారి వైపు తిరిగింది. నేను కుర్చీ వెనక నిలబడి తల అడ్డంగా ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తుంటి నొప్పితో ఆరు నెలలుగా పక్క మీద అటు దొర్లలేక ఇటు దొర్లలేక ఆవిడ పడిన బాధ చూసిన దాన్ని, దాని మీద ఇంకొకటి పడకూడదనిపించి ఉంటుంది. డాక్టరమ్మ నా వంక ఒకసారి చూసి, బరువు చూసి రమ్మని ఆవిడని నర్సుతో పంపించింది.

"ఇది నొప్పి తగ్గడానికి పెడుతున్నదండి," అంది. "జబ్బు పోవడానికి కాదు. తుంటి ఎముకలో ఉంది, వెన్నులో కూడా మొదలైంది. మాత్రలు వాడదాం, కొంతకాలం అదుపులో ఉంటుంది. కానీ మొత్తం పోయేది కాదు."

"మరి ఒక్కటే ఏంటండి? పోయినసారి ఇరవై ఐదు పెట్టారు కదా."

"అది వేరండి. అప్పుడు జబ్బు మళ్ళీ రాకూడదని పెట్టారు. ఒకప్పుడు ఇలాంటి నొప్పికి కూడా పది రోజులు పెట్టేవారు. నొప్పితో రోజూ అంత దూరం రావడం వాళ్ళకే నరకం. ఒక్కసారి పెట్టినా దాదాపు అంతే తగ్గుతుంది. అందుకని ఇప్పుడు చాలామందికి ఒకటే పెడుతున్నాం. మళ్ళీ నొప్పొస్తే మళ్ళీ చూద్దాం."

"బాగవ్వాలంటే ఎన్ని పెట్టాలండి?"

ఆ అమ్మాయి ఫిల్ము లైటు మీద నుంచి తీసేసింది. "ఎన్ని పెట్టినా ఆ పని అవ్వదండి," అంది. తరవాత, "ఆవిడకి ఎప్పుడు చెబుతారు?" అని అడిగింది.

"చెబుతామండి," అన్నాను.

నేను తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాని. అర్జీ పట్టుకొచ్చిన వాళ్ళకి రోజుకి పదిసార్లు ఆ మాటే చెబుతాను. ఎవరికీ కోపం రాకుండా, ఎవరికీ ఏదీ తేలకుండా కాగితం రాయడం నాకు బాగా అలవాటు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఇంటికొచ్చి నేను అల్లిన వాక్యం అదే జాతిది. "ఎముకలో కొంచెం ఉందట అత్తయ్యా, దానికి ఒక్క కరెంటు చాలట." ఆఫీసులో ఎవరైనా ఆ వాక్యాన్ని తప్పుపట్టమంటే పట్టలేరు.

కరెంటు పెట్టే రోజు అద్దె కారులో తీసుకెళ్ళాం. కొవ్వూరు వంతెన మీద అతుకు వచ్చిన చోటల్లా కారు కొంచెం ఎగిరేది, ఎగిరినప్పుడల్లా ఆవిడ పళ్ళు బిగించి "ప్రభువా" అనేవారు. నలభై దాకా లెక్కపెట్టి మానేశాను. ఆసుపత్రిలో తలుపు మూశారు, ఎర్రలైటు వెలిగింది, ఆరింది. బయటకొచ్చి "అయిపోయిందా? ఏమీ తెలియలేదే," అన్నారు. బెంచీ మీద కూర్చున్న ఒకాయన "ఎన్నోదండి?" అని అడిగితే, "ఒకటే అండి నాకు," అని పరీక్ష పాసైన పిల్లలా చెప్పారు. ఆయనకి ఇంకా పందొమ్మిది ఉన్నాయట. ఆయన ముఖంలో అసూయ కనబడింది నాకు. ఆయన మీద జాలి పడాలో, మా మీద జాలి పడాలో తెలియక బాటిల్‌లో నీళ్ళు తాగాను.

తరవాత రెండు రోజులు నొప్పి ఇంకా ఎక్కువైంది. అలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పినా, నాకు భయమేసింది. ఒక్కటి పెట్టి చేతులు దులుపుకున్నారేమోనని కోపం కూడా వచ్చింది. మొత్తం పది పెట్టమని పట్టుబట్టాల్సిందని మా ఆయనతో పోట్లాడాను. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. నలభై మంది ప్రయాణికుల్ని తల చూసి లెక్కపెట్టగలడు కానీ ఇంట్లో ఉన్న ముగ్గురి మధ్య ఒక్క మాట మాట్లాడాలంటే డ్యూటీ టైమైపోతుంది.

పదకొండో రోజు పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో కత్తిపీట చప్పుడు వినిపించింది. మా అత్తగారు నేల మీద కూర్చుని, కత్తిపీట మడమ కింద తొక్కిపట్టి దొండకాయలు తరుగుతున్నారు. ఆరు నెలలైంది ఆవిడ నేల మీద కూర్చుని. కుర్చీలోంచి లేవాలంటేనే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. "అలా గుమ్మంలో నిలబడి చూస్తావేంటే, ఆ గిన్నె ఇలా అందుకో," అన్నారు. గిన్నె అందించి పెరట్లోకి పోయి ఏడ్చాను. సంతోషంతోనే. కానీ అది ఎంతవరకు సంతోషపడాల్సిన సంగతో నాకు తెలియలేదు, అందుకే ఏడుపు తొందరగా ఆగలేదు.

నెలకి చూపించడానికి మళ్ళీ రాజమండ్రి వెళ్ళినప్పుడు వంతెన పొడుగునా ఆవిడ నిద్రపోయారు. నాకు దురాశ పుట్టింది. వరండాలో డాక్టరమ్మని పట్టుకుని, "ఒకవేళ పోయిందేమో అండి?" అన్నాను.

"నొప్పి పోయిందండి. జబ్బు పోలేదు."

"జబ్బుంటే నొప్పి ఉండాలి కదండి?"

"మొదట రొమ్ములో గడ్డ ఉన్నప్పుడు ఆవిడకి నొప్పి ఉందా?"

లేదు. బియ్యపు గింజంత నొప్పి కూడా లేదు. అప్పుడు నొప్పి లేదనే కదా ఆవిడ ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేనప్పుడు అంత జబ్బుంది, నొప్పి ఉన్నప్పుడు ఒక్క కరెంటు, ఇప్పుడు నొప్పి పోయినా జబ్బు ఉంది. దారంతా తలలో దారపుండ చిక్కుపడినట్టే ఉంది.

ఆ వారమే మా అత్తగారు కృతజ్ఞతా కూడిక పెట్టాలన్నారు. మా గుడివాళ్ళలో, అంటే చర్చివాళ్ళలో, అది మామూలే. ఇంట్లో ఎవరైనా పెద్ద జబ్బునుంచి లేస్తే పాస్టరు గారిని, సంఘాన్ని పిలిచి, ప్రార్థన చేయించి, బాగైన మనిషి అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాక భోజనాలు పెడతారు. ఐదేళ్ళ క్రితం ఇరవై ఐదు అయ్యాక కూడా పెట్టాం. ఈసారి శనివారం సాయంత్రమని పాస్టరు గారికి ఫోను చేసేశారు. టెంటు చెప్పారు, పలావు చెప్పారు, రావులపాలెం నుంచి రెండు చక్రకేళీ గెలలు తెమ్మని మా ఆయనకి చెప్పారు. నేను పక్కనే ఉండి అన్నిటికీ తల ఊపాను.

అంతవరకూ నా బాధ నాదే. గురువారం మాత్రం కథ ఇల్లు దాటింది.

మా గుడి సందులో జాకెట్లు కుట్టే ఆమె ఒకరున్నారు. మా అత్తగారి దగ్గర చదువుకున్న పిల్లే, నలభై దాటి ఉంటాయి. ఆపరేషను అయినప్పటి నుంచి మా అత్తగారి జాకెట్లకి ఎడమవైపు దూది పెట్టి, చూసేవాళ్ళకి తెలియకుండా కుట్టేది ఆమే. ఈ మధ్య ఆమెకి కూడా అదే ఆపరేషను అయింది. ఇప్పుడు తన జాకెట్లకీ తనే దూది పెట్టుకుంటోంది. కూడికకి కొత్త జాకెట్టు ఇవ్వడానికి వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది.

"టీచరు గారండి, నాకు సోమవారం నుంచి కరెంటు మొదలంటున్నారండి. పదిహేనంట."

"పదిహేనా? నాకు ఇరవై ఐదు పెట్టారే," అన్నారు మా అత్తగారు.

"ఇప్పుడు తగ్గించారంటండి. ఆ ఇరవై ఐదు చేసే పని ఈ పదిహేనే చేస్తుందంట. అయినా నేనొకటి అనుకుంటున్నానండి. మీకు ఇరవై ఐదు పెడితే మళ్ళీ వచ్చింది. ఒకటి పెడితే పోయింది. నన్ను కూడా ఒకటి పెట్టి వదిలేయమని అడుగుతానండి. కుట్టు మిషను ఆపుకుని పదిహేను రోజులు తిరగాలంటే నావల్ల కాదు."

మా అత్తగారు కొత్త జాకెట్టు చేత్తో సవరిస్తూ ఆలోచించారు. "అడుగు," అన్నారు. "అడగడంలో తప్పేముంది? ఒక్కదానితో పోయేదానికి పదిహేను ఎందుకు? నా మాటగా చెప్పు."

ఆమె ముఖం వెలిగిపోయింది. టీచరు గారు చెప్పాక ఇక ఆమెకి డాక్టర్లతో పని లేదు. నేను స్టవ్ దగ్గర నిలబడి విన్నాను. చేతిలో గరిటె ఉంది, కూర మాడుతోంది. ఇన్నాళ్ళూ నా సగం మాట ఒక ముసలావిడని సుఖంగా నిద్రపుచ్చిందనుకున్నాను. ఇప్పుడు అదే మాట, బతకాల్సిన ఇంకో మనిషి ప్రాణం మీదికి వెళుతోంది.

రాత్రి మా ఆయనతో చెప్పాను. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే అయింది.

"కూడిక అయిపోనీ, అప్పుడు నెమ్మదిగా చెబుదాం," అన్నాడు.

"కూడికలో మీ అమ్మ నిలబడి ఒక్కదానితో బాగైందని చెప్పాక, ఆ జాకెట్లు కుట్టే ఆమె పదిహేనూ మానేశాక, అప్పుడు చెబుదామా?"

"మరి నువ్వే చెప్పు."

"తల ఊపింది నేనే కాబట్టి నేనే చెబుతాను లెండి," అన్నాను. కోపం ఆయన మీదో నా మీదో తేలలేదు. శుక్రవారం రెండుసార్లు ఆవిడ మంచం దగ్గరికి వెళ్ళి, రెండుసార్లూ దుప్పటి మడతపెట్టి వచ్చేశాను.

శనివారం పొద్దున్న ఆవిడ మళ్ళీ కత్తిపీట దగ్గర కూర్చున్నారు. ముందర ఉల్లిపాయల గుట్ట. వీధిలో టెంటు వాళ్ళు గుంజలు దింపుతున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, ఆ ఒక్క కరెంటు జబ్బుకి పెట్టింది కాదు. నొప్పికి పెట్టారు."

ఆవిడ తరగడం ఆపలేదు. "జబ్బో?"

"ఉంది."

"ఎక్కడ?"

"తుంటిలోనే ఉంది. వెన్నులో కూడా."

"పోదా?"

"పోదంట."

ఉల్లిపాయ ఒకటి పూర్తయింది. ఇంకొకటి తీసుకున్నారు. "నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి."

"వాడికి?"

"ఆయనకీ తెలుసు."

"అబద్ధమాడితే ఎన్ని?" అన్నారు, తల ఎత్తకుండానే.

"పది," అన్నాను.

"మొగుడూ పెళ్ళాం కలిసి ఆడితే?"

నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. ఉల్లిపాయలకి కళ్ళు ఎర్రబడ్డాయి, అంతే. కొంగుతో తుడుచుకుని వీధి వైపు చూశారు. "గుంజలు పాతేస్తున్నారు. ఇప్పుడు నేను దేనికని స్తోత్రం చెయ్యాలి?" అని అడిగారు. అది నన్ను అడిగిన ప్రశ్నే. ఆవిడ నేలకి చెయ్యి ఆనించి, ఎవరి సాయమూ లేకుండా లేచి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. టెంటు విప్పేయమనాలో, కుర్చీలు సర్దాలో అర్థంకాక మా ఆయన గెలలు చేత్తో పట్టుకుని పందిట్లో అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం ఐదింటికి తలుపు తెరుచుకుంది. కొత్త జాకెట్టు, గంజిపెట్టిన తెల్లచీర. పాస్టరు గారు ప్రార్థన చేశారు, ఆడవాళ్ళు కీర్తన పాడారు. తరవాత ఆవిడ లేచి నిలబడ్డారు. బడిలో నిలబడినట్టే, చేతులు వెనక్కి కట్టుకుని.

"అందరికీ వందనాలు. నాకు బాగైపోయిందని మిమ్మల్ని పిలిచాను. బాగవ్వలేదు. ఆ సంగతి నాకు పొద్దున్నే తెలిసింది."

పందిట్లో ఎవరో పిల్లని ఊరుకోబెడుతున్నారు. పాస్టరు గారు చేతిలో బైబిలు తెరవాలో మూయాలో తెలియనట్టు వేలు పెట్టి పట్టుకున్నారు.

"ఐదేళ్ళ కిందట నాకు ఇరవై ఐదు పెట్టారు. అది బతకడానికి. ఐదేళ్ళు బతికాను. మొన్న ఒకటి పెట్టారు. అది కింద కూర్చోవడానికి. కూర్చుంటున్నాను. ఈ పలావులో ఉల్లిపాయలు నేనే తరిగాను. ఈ రెండిటికీ స్తోత్రం." ఆగారు. కళ్ళు వరసల మీదుగా వెతికి, జాకెట్లు కుట్టే ఆమె దగ్గర ఆగాయి. "లేచి నిలబడు."

ఆమె నలభై ఏళ్ళ మనిషి, చటుక్కున లేచి నిలబడింది.

"నీకు ఎన్ని చెప్పారు?"

"పదిహేనండి."

"నేను నీకు తప్పు చెప్పాను. నాది వేరు, నీది వేరు. నీది బతకడానికి. సోమవారం నుంచి వెళ్ళు. ఒక్కటి తగ్గినా ఊరుకోను. ఎన్ని?"

"పదిహేనండి," అంది ఆమె, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా.

"కూర్చో."

ఎవరూ ఆమెన్ అనలేదు. అనాలని ఎవరికీ తోచలేదేమో. తరవాత అలవాటు ప్రకారం బల్లలు వేశారు, విస్తళ్ళు వేశారు. వచ్చినవాళ్ళు నన్ను పరామర్శించాలో అభినందించాలో తెలియక పలావు బాగుందన్నారు. నేనూ అదే అయోమయంలో బకెట్ పట్టుకుని తిరుగుతుంటే, మా అత్తగారు బల్ల చివర నుంచి పిలిచారు. "ఆ వరసకి పెరుగు చట్నీ వెయ్యలేదు, చూడు." పొద్దుటి తరవాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

మర్నాటి నుంచి నన్ను ఆవిడ ఏమీ అనలేదు. క్షమించారో లేదో అడగలేదు, అడిగే ధైర్యం లేదు. సోమవారం సాయంత్రం జాకెట్లు కుట్టే ఆమె రాజమండ్రి నుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగి ఒక వేలు చూపించింది. మంగళవారం రెండు. మా అత్తగారు లేచి వంటింటి క్యాలెండరు మీద అడ్డగీత కొట్టేవారు. పక్క మనిషి కరెంటుకి మా క్యాలెండరు మీద గీతలు.

పదకొండో గీత కొట్టిన మర్నాడు ఆవిడ కత్తిపీట దగ్గర కూర్చోలేకపోయారు. ఈసారి నొప్పి వెన్నులో. అదే కారు, అదే వంతెన, అవే అతుకులు. డాక్టరమ్మ ఫిల్ము లైటు మీద పెట్టి ముందు నా వంక చూసింది. నేను రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. అప్పుడు ఆవిడ వైపు తిరిగి అన్నీ చెప్పింది. వెన్నుకి కూడా ఒక్కటి పెట్టొచ్చు, నొప్పి తగ్గొచ్చు, జబ్బు మాత్రం ఉంటుంది.

మా అత్తగారు శ్రద్ధగా విన్నారు. "తగ్గడానికి ఎన్ని రోజులు పడుతుందమ్మా?"

"పది రోజులు, రెండు వారాలు పట్టొచ్చండి."

ఆవిడ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. తనకి ఎన్నాళ్ళున్నాయో లెక్క వేసుకుంటున్నారనుకున్నాను. "ఏంటత్తయ్యా లెక్క?" అన్నాను.

"ఆ పిల్లకి ఇంకా నాలుగున్నాయి. అవి అయ్యాక ఓ వారానికి కూడిక పెట్టుకుంటుంది. ఉల్లిపాయలు ఎవరు తరుగుతారు?" అన్నారు. డాక్టరమ్మ వైపు తిరిగి, "ఈ వారంలోనే పెట్టేయండమ్మా," అన్నారు.